ఎర్ర బాణంలో సముద్రం

ఆ ఉదయం ప్రత్యూష ఇంటి ముందుకొచ్చిన దోసెల బండి మనిషి, ఎప్పుడో చనిపోయిన ఓ వంటావిడ చేతుల నేర్పును దాచిపెట్టిన చేగుర్తును చేతికి తొడుక్కుని వచ్చాడు. దోసె పల్చగా, కరకరలాడుతూనే వచ్చింది గానీ, అట్లకాడ తిప్పిన ప్రతిసారీ అతని కుడిచెయ్యి తనకు తెలియకుండానే లేని కొంగును నడుముకు దోపుకుంటోంది. వీధిలో ఎవరూ నవ్వలేదు. అందరికీ అలవాటైపోయింది. మంగలి చేతికి పొరుగూరి మంగలి చేగుర్తు, దర్జీ చేతికి ఏ తాతల నాటి దర్జీదో. కాకినాడలో ఈ రోజుల్లో ఎవరి చెయ్యి వాళ్ళ సొంతమని గట్టిగా చెప్పడం కష్టమే.

ప్రత్యూషకు ఆ రోజు దోసె మీద ధ్యాస లేదు.

"అన్నయ్యా, తెమిలావా లేదా? పదింటికి గది మనది. ఆలస్యమైతే ఇంకొకళ్ళకిచ్చేస్తారు" అని లోపలికి కేకేసింది.

"గుండీలు పెట్టుకోనిస్తేగా ఈ వేళ్ళు! వస్తున్నా ఉండవే" అన్నాడు ఫణీంద్ర.

ఆయనకు డెబ్బై తొమ్మిది, ఆమెకు డెబ్బై అయిదు. నాలుగేళ్ళుగా ఆయన చేతులు వణుకుతున్నాయి. మర్నాడు పొద్దున్నే ఆస్పత్రిలో నరాల చికిత్స. వణుకు పూర్తిగా పోతుందన్నారు డాక్టర్లు. దాంతోపాటు ఆ చేతులు పుట్టినప్పటినుంచి నేర్చుకున్నదంతా పోతుందనీ చెప్పారు. చెంచా పట్టుకోవడం, సంతకం చెయ్యడం మళ్ళీ మొదటినుంచి నేర్చుకోవాలి. ఆయన వాటి గురించి బెంగపడలేదు. "ఒక్కసారి ఎర్ర బాణం తోలాలని ఉందే, ఈ చేతులకి అది తెలిసుండగానే" అన్నాడంతే. ఆ మాట విన్నరోజే చెల్లెలు చేగుర్తుల కేంద్రానికి పరుగెత్తింది.

ఎర్ర బాణం ఒక పాతకాలపు వీడియో గేమ్. కార్ల రేసు. తునిలో సినిమా హాలు పక్కన ఒక షెడ్డులో ఉండేది ఆ యంత్రం. నిజం కారులో ఉన్నట్టే సీటు, స్టీరింగు, కింద రెండు పెడళ్ళు, ఎదురుగా తెర. ఒకే ఒక్క వేసవి సెలవుల్లో అన్నాచెల్లెళ్ళు దాని మీద పడి ఆడారు. తరవాత షెడ్డు మూసేశారు. ఆట తయారుచేసిన కంపెనీ మాయమైంది, యంత్రాలు తుక్కు కిందకి పోయాయి, ఎక్కడా ఒక్క కాపీ కూడా మిగల్లేదు. మిగిలినదల్లా ఆడిన చేతుల్లోనే.

ఆ ఆట గురించి ప్రత్యూష చెప్పడం మొదలుపెడితే ఆపడం బ్రహ్మతరం కాదు. పెళ్ళి పందిట్లో చెప్పింది, రైల్లో ఎదురు బెర్తు వాళ్ళకి చెప్పింది, మనవలకైతే వందసార్లు చెప్పి ఉంటుంది. "కొండ దిగామో లేదో ఎడంపక్క సముద్రం! దాని నిండా తెల్ల పడవలు! మేమెప్పుడూ ఫస్టే!" అనేది. పక్కనే ఉంటే ఫణీంద్ర "అవునవును" అని తలూపేవాడు.

కేంద్రం నడిపే మెహబూబ్ బాషా ఇద్దరినీ గుమ్మంలోనే పలకరించాడు. వారం కిందట ప్రత్యూష చేతుల్ని హస్తలేఖి అనే యంత్రం మీద పెట్టించి, మూడు గంటలు కదలకుండా కూర్చోబెట్టి చదివింది అతనే. వణికే చేతుల్ని చదవడం హస్తలేఖి వల్ల కాదు. అందుకే అన్నగారివి కాక చెల్లెలివి చదివారు. చేతి నరాల్లో దాగిన పనిని పట్టుకుని, ఆ పని చేస్తున్నప్పుడు ఒంటికి తెలిసిన వెలుతురు, చప్పుడు, వాసన అన్నీ దాని చుట్టూ పేర్చి, మనిషి దూరగలిగేటంత లోకాన్ని కట్టిపెడుతుంది ఆ యంత్రం.

"పద్ధతి ప్రకారం చేగుర్తు ఎవరిదో వాళ్ళు ముందు వెళ్ళి చూసుకోవాలండి. అమ్మగారు సరేనన్నాక సార్‌ని పంపుతాను" అన్నాడు బాషా.

"నేను ఫస్టు వచ్చేదాకా బయటికి రాను, చెప్తున్నా" అని నవ్వుతూ చేతులకి తొడుగులు వేసుకుని, బాషా ఇచ్చిన యంత్రపు కళ్ళజోడు పెట్టుకుని పడక మీద పడుకుంది ప్రత్యూష.

చీకటి.

కరెంటు పోయిందేమో అనుకుంది. కాసేపటికి కళ్ళు అలవాటుపడ్డాయి. తల మీద జానెడెత్తులో ప్లైవుడ్ చెక్క. దానికి ఎవరో అంటించి వదిలేసిన చూయింగ్ గమ్ము. వేడెక్కిన వైర్ల వాసన, ముక్కు పుటాలు మండించే దుమ్ము. తను ముడుచుకుని కూర్చుని ఉంది. ఎదురుగా రెండు పెడళ్ళు, వాటి మీద తన అరచేతులు, ఆరేళ్ళ పిల్ల అరచేతులు. నేలకి అందని రెండు కాళ్ళు తన చెవుల పక్కన ఊగుతున్నాయి. పైనుంచి ఒక పిల్లవాడి గొంతు వినపడింది.

"నొక్కవే! గట్టిగా! వదులు, వదులు! ఇప్పుడు రెండోది!"

ఆ చేతులు వాటంతటవే నొక్కాయి, ఒంటి బరువంతా మోపి. ప్రత్యూష తలెత్తి తెర చూడబోయింది. చెక్క తగిలింది. పక్కకి వంగి చూసింది. ఆ పిల్లవాడి మోకాళ్ళ పైన ఇంకేమీ లేదు, ఉత్త బూడిదరంగు.

ఆమె కళ్ళజోడు లాగేసి లేచి కూర్చుంది. "ఏమిటండీ ఇది? మీ మెషీను పాడైపోయిందా ఏంటి? నేను ఎక్కడో పెట్టె అడుగున, పెడళ్ళ ముందు ఉన్నాను!"

బాషా తన ముందున్న పలకను ఒకటికి రెండుసార్లు చూసుకున్నాడు. "పాడవలేదమ్మగారూ. మీ చేతుల్లో ఉన్నదే కట్టింది."

"నా చేతులు స్టీరింగు పట్టుకోలేదా?"

"ఒక్కసారి కూడా లేదండి."

"తెర?"

"తెర చూసిన జాడ లేదండి. ఎంత వెతికినా."

ప్రత్యూష కళ్ళజోడు పక్కన పడేసింది. అన్నవైపు తిరిగింది. "అన్నయ్యా, ఏంటిది? మనం వంతులేసుకుని ఆడలేదూ?"

"ఆడకపోవడమేంటే! ఒకటి నువ్వు, ఒకటి నేను. నువ్వు తోలేటప్పుడు నేను..." ఫణీంద్ర ఆగిపోయాడు. కిందకి తన కాళ్ళ వైపు చూసుకున్నాడు. "నా కాళ్ళు అందేవి కావే. సీటెక్కితే పెడళ్ళకి నా కాళ్ళు అందేవి కావు. అందుకని నిన్ను కిందికి దూరమనేవాణ్ణి."

"ప్రతిసారీనా?"

ఆయన తలూపాడు.

"డెబ్బై ఏళ్ళన్నయ్యా!" ప్రత్యూష కేకేసింది. "ఊళ్ళో అందరికీ చెప్పుకు తిరిగాను. నా ఆట, నా ఆట అని చచ్చేదాన్ని. నేనసలు చూడనే లేదా దాన్ని? నిజం చెప్తున్నా, నాకు ఒళ్ళు మండిపోతోంది నీ మీద. మరి సముద్రం సంగతేంటి? పడవలు నాకెలా తెలిశాయి?"

బాషా లోపలి చప్పుడును బయటికి వదిలాడు. పదేళ్ళ ఫణీంద్ర గొంతు గదంతా నిండింది.

"ఏడవకే, అయిపోవచ్చింది. ఇదిగో, సముద్రం వచ్చింది చూడు! ఎడంపక్క! తెల్ల పడవలే, నాలుగున్నాయి. ఒకదాంట్లో కుక్కపిల్ల కూడా ఉంది. బ్రేకు! బ్రేకు నొక్కు! అబ్బ, ఏం నొక్కావే! ఫస్టొచ్చేశాం!"

డెబ్బై తొమ్మిదేళ్ళ ఫణీంద్ర గోడ పట్టుకున్నాడు.

"అందులో సముద్రం లేదే" అన్నాడు.

"ఏంటీ?"

"ఎర్ర బాణంలో సముద్రమే లేదు. ఎడారి. మొదట్నుంచి చివరిదాకా ఇసకే, మధ్యమధ్య బొమ్మజెముళ్ళు. ఇప్పుడు గుర్తొస్తోంది. మనమెప్పుడూ ఫస్టు రాలేదు కూడా. కింద చీకటని నువ్వు ఏడ్చేదానివి. ఏదో ఒకటి చెప్తే ఊరుకునేదానివి."

"మరి నేను సముద్రం అన్నప్పుడల్లా అవునవునన్నావేం?"

"నువ్వు చెప్పగా చెప్పగా నేనూ చూశాననే అనుకున్నానే."

ప్రత్యూష కుర్చీలో కూలబడింది. కోపం ఎటు పోయిందో తెలియలేదు. ఆ పెద్దాయన్నే చూస్తూ ఉండిపోయింది. బాషా తల వంచుకున్నాడు. పదకొండేళ్ళుగా ఇక్కడ పనిచేస్తున్నాడతను. అమ్మ చేతి పులుసు కోసం ఏడ్చినవాళ్ళని చూశాడు, చిన్ననాటి సైకిలు దొరికి గంతులేసినవాళ్ళని చూశాడు. తను చూడనిదాన్ని మనిషి ఇంతగా ప్రేమిస్తాడని హస్తలేఖి చేసినవాళ్ళకి తోచలేదు, అతనికీ తోచలేదు.

"క్షమించాలి సార్. మీరు లోపలికెళ్ళినా తోలడానికేమీ లేదు. అమ్మగారు పట్టుకోనిదాన్ని, చూడనిదాన్ని మేము కట్టలేం. పైన అంతా ఖాళీయే" అన్నాడు.

రేపు ఈపాటికి అన్న చేతులకి ఏమీ గుర్తుండదు. ఆ సంగతి మళ్ళీ తలపుకొచ్చి ప్రత్యూషకు ఏడుపు ఆగలేదు. "నా చేతులు పనికిరాకుండా పోయాయన్నయ్యా. నీ ఆట నీకివ్వలేకపోయాను."

ఫణీంద్ర వణుకుతున్న చేతుల్ని చాలాసేపు చూసుకున్నాడు. "పెడళ్ళున్నాయన్నావుగా?"

"ఉన్నాయి."

"రెండూనా?"

"రెండూనూ."

"అయితే నేను కిందికెళ్తాను. నువ్వు పైన కూర్చో."

"పైన ఏముందని కూర్చోను?"

"కింద మాత్రం నీకేముందని కూర్చున్నావే?"

బాషా రెండో పడక సిద్ధం చేశాడు.

ఈసారి చీకట్లోంచి ప్రత్యూష పైకి పాకింది. సీటు లేదు. ఒంటికి ఆనేదేమీ లేదు. ఎటు చూసినా అదే బూడిదరంగు, అంతూ పొంతూ లేకుండా. కిందనుంచి ఫణీంద్ర గొంతు వినిపించింది.

"అమ్మో, ఇంత ఇరుకా! ఈ పెడలు ఇంత గట్టిగా ఉండేదా? ఆరేళ్ళ పిల్లవి, ఎలా నొక్కావే తల్లీ దీన్ని?" చేతులు పెడళ్ళ మీద పెట్టి మళ్ళీ అన్నాడు. "సరే, నేను రెడీ. ఏం కనిపిస్తోందో చెప్పు."

ఏమీ కనిపించడం లేదు. ప్రత్యూష నోరు తెరిచింది. పెళ్ళి పందిళ్ళలో అంత ధారాళంగా మాట్లాడిన మనిషికి ఒక్క ముక్క దొరకలేదు. రెండు చేతులతో స్టీరింగు తిప్పుతూ, రెండు కళ్ళూ ఇసక మీదే పెట్టి, పదేళ్ళ పిల్లవాడు తన కోసం అదంతా ఎలా పుట్టించాడో ఆమెకు అంతుపట్టలేదు.

"మాట్లాడవేంటే?" అన్నాడు ఫణీంద్ర. "నాకిక్కడ భయమేస్తోంది."

ప్రత్యూష చప్పున రెండు చేతులూ ముందుకు చాపి, లేని చక్రాన్ని పట్టుకుంది.

"ఉన్నానన్నయ్యా, ఉన్నాను. దిగుతున్నాం. పెద్ద లోయ. అడుగున ఒక ఊరుంది. అప్పుడే దీపాలు పెడుతున్నారు. ఎవరో పిల్ల మేడ మీదనుంచి మనకి చెయ్యూపుతోంది. మలుపొస్తోంది, రెండోది నొక్కు. మెల్లిగా."

కింద పెడలు కదిలిన చప్పుడైంది. వణుకుతూ కదిలింది, ఆగి, మళ్ళీ కదిలింది.

"ఏ ఊరే అది?" అన్నాడు చీకట్లోంచి.

"తెలీదు. ఆగి అడుగుదాం. చెయ్యి తియ్యకు, అలాగే నొక్కి ఉంచు."