షౌకత్ బే కిటికీ

మాజిదాకు వచ్చిన ఆదేశం ఒక్క ముక్క. మధ్యాహ్నం వీడియో మీటింగులోకి వచ్చి, వగీహ్ దాక్కున్న చోటు చీఫ్‌కు చెప్పాలి.

వగీహ్ ఆమె జోడీ ఏజెంట్. ఆయుధాలు దించే విదేశీ ముఠాలో రేవు కూలీ వేషంతో తిరిగి, వాళ్లు పసిగట్టగానే పోర్ట్ సయీద్‌లో మాయమయ్యాడు. ఎక్కడున్నాడో మాజిదాకు తప్ప మరో ప్రాణికి తెలియదు. ఆ చోటు ముఠా చెవిన పడితే అతను బతకడు.

కరోనా దెబ్బకు కైరో మొత్తం గదుల్లో దూరింది. గూఢచారులకూ ఇంటి నుంచే పని. మాజిదా పైన ఆఫీసు కోటు, కింద ఇంట్లో వేసుకునే గలాబియా తొడుక్కుని, లాప్‌టాప్‌ను బియ్యం డబ్బా మీద ఎత్తుగా పెట్టుకుంది. వెలుతురు ముఖం మీద పడాలి, కెమెరా కళ్లకు సమానంగా ఉండాలి, మాట్లాడనప్పుడు మైకు మ్యూట్‌లో ఉండాలి. ఈ నియమాలన్నీ రాసి పంపింది డిప్యూటీ చాహినాజ్.

తెర మీద చాహినాజ్ పెళ్లికి తయారైనట్టు మెరిసిపోతోంది. పక్క గడిలో చీఫ్ షౌకత్ బే, ఎప్పటిలాగే తన ఇంటి కిటికీ ముందు కూర్చుని ఉన్నాడు. బేగారికి గొంతు పట్టేసిందనీ, ఎక్కువ మాట్లాడించొద్దనీ చాహినాజ్ ముందే చెప్పింది.

షౌకత్ బే కళ్లజోడు సవరించుకున్నాడు. "చెప్పు తల్లీ, వింటున్నాను."

మాజిదాకు ప్రాణం లేచివచ్చింది. తండ్రి పోయాక ఆమెను అలా పిలిచేది ఆయనొక్కడే. ఆయనకు జ్వరమని విన్నప్పటి నుంచి ఆమెకు ముద్ద దిగడం లేదు.

"ఒంట్లో ఎలా ఉంది, ఫందిమ్?" అంది, పై అధికారిని పిలిచే మర్యాదతో.

ఆయన తల ఊపాడు.

"టైం లేదు బంగారం," అంది చాహినాజ్. "వగీహ్‌ను ఈ పూటే తప్పిస్తున్నాం. వీధి పేరు చెప్పు, చాలు."

మాజిదా నోరు తెరిచేసరికి వీధి చివరి మసీదులో నమాజుకు పిలిచే అజా మొదలైంది. ఆమె ఆగింది. మసీదులు మూశాక అజాలో ఒక మాట మారింది. 'నమాజుకు రండి' అనాల్సిన చోట 'మీ ఇళ్లలోనే చేసుకోండి' అంటున్నారు. ఊరంతా అదే మాట. అది ముగిసిన కాసేపటికి షౌకత్ బే కిటికీలోంచి కూడా అజా వినిపించింది.

నమాజుకు రండి, అంటోంది ఆ గొంతు. రండి.

తాళం వేసిన మసీదుకు జనాన్ని ఎవరు పిలుస్తారు? ఆ పిలుపు రోగం రాకముందుది. ఆ కిటికీ, ఆ కళ్లజోడు, ఆ 'తల్లీ' అన్నీ పాత మీటింగు రికార్డింగు. బతికున్న మనిషికి రికార్డింగుతో పనేముంది?

చాహినాజ్‌కు ఏ తేడా తోచలేదు. పుట్టినప్పటి నుంచి పూటపూటా వినేది ఎవరి చెవికి ఆనుతుంది?

మాజిదా బల్ల కింద రహస్య మీట నొక్కింది. ఇక ఆ మీటింగులో మాటలన్నీ రక్షక దళానికి వినిపిస్తాయి.

"చేపల బజారు వెనక, ఆకుపచ్చ తలుపు."

అది దళం కాపు కాసే ఇల్లు. ఆ మాటకు అర్థం: మనలోనే ద్రోహి ఉన్నారు. చీఫ్‌కూ దళానికీ తప్ప ఎవరికీ తెలియని కోడ్. బతికుంటే షౌకత్ బే కుర్చీలోంచి లేచి నిలబడేవాడు. తెర మీది మనిషి తల ఊపాడు.

చాహినాజ్ వేళ్లు ఫోను మీద కదిలాయి. దళం చేరేదాకా ఆమెను కదలనివ్వకూడదు. మాజిదా చనిపోయిన మనిషితో కబుర్లు మొదలుపెట్టింది. టీ తాగారా, ఫందిమ్? ఆయన తల ఊపాడు. మీరున్న చోట బాగుందా? ఆయన తల ఊపాడు.

"ఇక చాలు, పిచ్చిదానా," అని చాహినాజ్ మీటింగు ముగించబోయింది. అప్పుడే ఆమె వెనకాల తలుపు బద్దలైంది. ఆకుపచ్చ తలుపు దగ్గర కత్తులతో వచ్చిన ముఠావాళ్లు కూడా దొరికారు. వగీహ్ బతికాడు. షౌకత్ బేను మాత్రం ఆయన మంచం మీద, దుప్పటి కప్పి ఉండగా చూశారు.

చాహినాజ్‌ను తీసుకుపోయాక కూడా తెర మీద ఆయన అలాగే ఉన్నాడు.

"చెప్పు తల్లీ, వింటున్నాను."

మాట్లాడనప్పుడు మైకు మ్యూట్ చేయాలని రాసిన మనిషే ఆ కిటికీని మ్యూట్ చేయడం మరిచింది. మాజిదా మరవలేదు. నియమం ప్రకారం తన మైకు మ్యూట్ చేసుకుని, అప్పుడు ఏడ్చింది.