ఎల్బీనగర్ కంట్రోల్ రూమ్‌లో రెండు టూల్స్

సకల జనుల సమ్మె ముప్పయ్యో రోజు. విజయవాడ హైవే మీద బస్సు లేదు, లారీ లేదు. అయినా ఇంజినీరు త్రినాథరావును గుద్దడానికి మాత్రం ఎక్కడినుంచో ఒక లారీ వచ్చింది. పట్టపగలు, ఎల్బీనగర్ చౌరస్తాలో. అతని చేతిలోని రిపోర్టులో చివరి పేజీ మాయమైంది.

గంట తర్వాత ఏజెంట్ జానయ్య ఫోన్ మోగింది.

"అంబులెన్సుల పాత సిస్టమ్ పొద్దున్నే చచ్చింది," అన్నాడు చీఫ్ భానుమూర్తి. "కొత్త ఏపీఐ సిద్ధంగా ఉంది. పేషెంటు ఎక్కడున్నాడు, ఏ బండి వెళ్లాలి అని కంప్యూటర్లు ఒకదాన్నొకటి అడిగే దారి అది. ఐదింటికల్లా టెస్ట్ చేసి తెరవాలి. లేకపోతే బండ్లు కదలవు."

"చేద్దాం సార్. కష్టమేముంది?"

"టెస్ట్ చేసే టూల్స్ రెండున్నాయి. ర్యాపిడ్‌వన్, ప్లెయిన్‌కాల్. రెంట్లో ఒకటి విదేశీ ముఠా తయారుచేసింది. ఏదో కనిపెట్టానని త్రినాథరావు ఫోన్ చేశాడు. పేరు చెప్పేలోపే పోయాడు. తప్పు టూల్ వాడితే సర్వర్‌ను తెరిచే రహస్య కీ వాళ్లకు చేరుతుంది. నిమిషాల్లో సిటీలోని అంబులెన్సులన్నీ అబ్దుల్లాపూర్‌మెట్ దాటి ఊరి బయటికి పరుగెడతాయి. ఇక్కడ జనం చస్తారు. సమ్మె చేసేవాళ్లూ వద్దనేవాళ్లూ బండ్లు నువ్వాపావంటే నువ్వాపావని కొట్టుకుని ఊరు తగలబడుతుంది."

జానయ్య గడియారం చూసుకున్నాడు. తల్లి పోయాక తనను చంకనెత్తుకుని పెంచిన అక్క కిష్టమ్మ హయత్‌నగర్‌లో ఉంది. రోజు విడిచి రోజు డయాలసిస్. ఇవాళ ఐదున్నరకు ఆమె వంతు. బస్సుల్లేని ఈ నెల రోజులుగా ఆమెను ఆస్పత్రికి చేరుస్తున్నది అంబులెన్సే. భయమేసింది అతనికి. ఉద్యోగంలో చేరాక ఇంత భయం ఎప్పుడూ వేయలేదు.

మూడున్నరకు దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కోచింగ్ సెంటర్ మెట్ల దగ్గర, జుట్టుకు రంగేసుకుని, చంకలో బయోడేటా ఫైలుతో ఒక నలభై నాలుగేళ్ల నిరుద్యోగి నిలబడ్డాడు.

"మేడం, డెమో క్లాస్ ఫ్రీయేనా?"

"మూడు రోజులే ఫ్రీ. నాలుగో రోజు నుంచి ఫీజు," అంది విజయదుర్గ నల్ల కళ్లద్దాలు తీస్తూ.

నిరుద్యోగి వేషంలో ఉన్న జానయ్యకు కోడ్ సరిపోయింది. ఆమె పగలు ట్రైనర్, మిగతా వేళల్లో డిపార్ట్‌మెంట్ ఏజెంట్; టూల్స్ తెలిసిన మనిషని చీఫే అతన్ని ఆమె దగ్గరికి పంపాడు. ఆమె క్లాసంటే వెనక బెంచీలు కూడా నిండిపోతాయని ఆ వీధంతా చెప్పుకునేది. ఆమె స్కూటర్ మీద ఇద్దరూ కంట్రోల్ రూమ్ చేరేసరికి నాలుగున్నర.

గదిలో ఎవరూ లేరు. టెస్ట్ సర్వర్ చూసే స్టాఫ్ సమ్మెలో ఉన్నారు, అది ఆగిపోయి ఉంది. పక్క గదిలో అసలు బండ్లను నడిపే లైవ్ సర్వర్ ఒక్కటే మూలుగుతోంది.

"ప్లెయిన్‌కాల్ ముసలి టూలండీ," అంది విజయదుర్గ. "అన్నీ చేత్తో టైప్ చేసుకోవాలి. ర్యాపిడ్‌వన్ చూడండి, ఎంత ముద్దుగా ఉందో! ఒక్క క్లిక్కు చాలు. త్రినాథరావుగారికీ ఇదే నచ్చింది."

"టెస్ట్ సర్వర్ లేకపాయె. ఎట్ల మరి?"

"లైవ్ కీ కొట్టేయండి. టైం లేదు కదా!"

టైం నిజంగానే లేదు. కళ్లముందు అక్క మెదిలింది. జానయ్య ఆమె లాప్‌టాప్‌లో చీఫ్ ఇచ్చిన లైవ్ కీ కొట్టాడు. ఏ కోచింగ్ సెంటర్‌లోనైనా మొదటి రోజే చెయ్యొద్దని చెప్పే పని అది. ఆమె వేలు క్లిక్కుమంది.

అదే క్షణంలో కరెంటు పోయింది.

బొగ్గు గనులు కూడా సమ్మెలో ఉన్నాయి, కోతలకు వేళాపాళా లేకుండా పోయింది. ఫ్యాన్ ఆగింది. గోడకున్న ఇంటర్నెట్ డబ్బా దీపాలు ఆరాయి. యూపీఎస్ మీద సర్వర్ మాత్రం నడుస్తోంది. ర్యాపిడ్‌వన్ తెర మీద ఒకే మాట: ఇంటర్నెట్ కోసం వేచి ఉంది.

జానయ్య ఆ మాటను మళ్లీ చదివాడు. సర్వర్ పక్క గదిలో ఉంది. మధ్యలో ఒక్క వైరు. దానితో మాట్లాడటానికి ఈ టూల్‌కి బయటి ఇంటర్నెట్ ఎందుకు? ముందు ఇంకెవరికో చెప్పి రావాలా?

ముఠా టూల్ ఏదో తేలిపోయింది. కానీ కీ అప్పటికే అందులో ఉంది. కరెంటు రాగానే సముద్రాలు దాటుతుంది. ఇంటర్నెట్ వైరు పీకుదామంటే, విజయదుర్గ కుడిచెయ్యి కరెంటు పోయినప్పటి నుంచీ హ్యాండ్‌బ్యాగ్‌లోనే ఉంది.

"కరెంటొచ్చేదాక జర ఈ ముసల్దాన్ని కూడ చూస్త మేడం," అన్నాడు మామూలుగా. "రెండూ చూసినమని రాయాలె గదా."

"చూసుకోండి పాపం," అని నవ్విందామె.

తన లాప్‌టాప్‌లో ప్లెయిన్‌కాల్ తెరిచాడు. చేత్తో ఒక్కో అక్షరం టైప్ చేశాడు: పాత కీ రద్దు చెయ్యి, బండ్లకు కొత్త కీ పంపు. సర్వర్ ఒప్పుకోలేదు. ఎక్కడో కామా తప్పింది. చెమట కళ్లలోకి కారింది. వెతికాడు, దిద్దాడు.

ఫ్యాన్ రెక్క కదిలింది. ఎంటర్ నొక్కాడు.

ఇంటర్నెట్ డబ్బా మీద పచ్చదీపం వెలిగింది. హ్యాండ్‌బ్యాగ్‌లోంచి చిన్న పిస్టల్ బయటికొచ్చింది.

"థాంక్సండీ జానయ్యగారూ. కీ వెళ్లిపోయింది. త్రినాథరావు మీకన్నా తెలివైనవాడు, అందుకే లారీ పంపాల్సొచ్చింది."

అంతలో ఆమె ఫోన్ మోగింది. అవతలి గొంతు ఏదో అరిచింది. విజయదుర్గ మొహం పాలిపోయింది.

"కీ పని చేయట్లేదా? అదెలా?"

ఆ ఒక్క క్షణం జానయ్యకు చాలింది. పిస్టల్ నేల మీద పడింది, ఆమె చేతులకు బేడీలు పడ్డాయి.

పాత టూల్‌తోనే మిగతా టెస్టులు ముగించి, ఐదుకు ఒక్క నిమిషం ముందు ఏపీఐ తెరిచాడు. తెర మీద బండ్లు ఒక్కొక్కటే కదిలాయి. హయత్‌నగర్ చుక్క కిష్టమ్మ వీధిలోకి మలుపు తిరిగింది. జానయ్య కళ్లు నిండాయి. తుడుచుకోలేదు.

కిందికి దిగాక విజయదుర్గ రోడ్డుకు అటూ ఇటూ చూసింది.

"జీపేదండీ?"

"డ్రైవర్ సమ్మెల ఉన్నడు మేడం, మీ స్కూటరేమో సాక్ష్యం కింద సీజ్," అన్నాడు జానయ్య. "ఆ హైహీల్స్ ఇడిసి చేతిల పట్టుకోండ్రి. ఆఫీసు తొమ్మిది కిలోమీటర్లు."