నాలుగు డిగ్రీలు

ఫిబ్రవరి పదకొండు, బుధవారం. ఉదయం 8:10.

చెక్ దేశంలోని త్రెబోన్ ఊరి బయట చేపల చెరువు గడ్డకట్టి ఉంది. మధ్యలో ఎయిర్ పంపు బుడగలు తెరిచి ఉంచిన కన్నం. అందులో కార్ప్ చేపలు వెల్లకిలా తేలుతున్నాయి.

"మూడు వందల తల్లి చేపలు," అన్నాడు యజమాని ఒటకర్ వర్బా. "మా నాన్న మొదలుపెట్టిన జాతి. విషం పెట్టారు ఇన్‌స్పెక్టర్ గారూ. ఎవరో కూడా తెలుసు."

"ఎవరు?"

"అలొయిస్. అక్టోబరులో పనిలోంచి తీసేశాను. బీరు కొట్టులో అందరి ముందూ నా చెరువును శపించాడు."

ఇన్‌స్పెక్టర్ రదీమ్ హవ్లిక్ రాసుకున్నాడు.

11:30కి పశువుల డాక్టర్ రిపోర్ట్ వచ్చింది. విషం లేదు. జబ్బు లేదు. నీళ్లలో ఆక్సిజన్ పుష్కలం.

"మరెలా చచ్చాయి?"

"చలికి," అన్నాడు డాక్టర్.

"ప్రతి ఏడూ ఐసు కిందే బతుకుతాయవి," ఒటకర్ విసుక్కున్నాడు.

రదీమ్ ఐసు మీదికి నడిచాడు. తాడుకు కట్టిన థర్మామీటర్‌ను మూడు మీటర్లు, అడుగు దాకా దించాడు. పది నిమిషాలు ఆగి లాగాడు.

అర డిగ్రీ.

తర్వాత పంపు గొట్టం పైకి లాగాడు. చివర నల్లటి బురద.

మధ్యాహ్నం 2:00. పంపు షెడ్డులో ముగ్గురిని కూర్చోబెట్టాడు. ఒటకర్. చంకకర్రలతో వచ్చిన ముసలి అలొయిస్. రోజూ చెరువు ఉష్ణోగ్రత కొలిచి పుస్తకంలో రాసే లిబూషె.

"కాలు ఎప్పుడు విరిగింది?"

"క్రిస్మస్ మర్నాడు," అన్నాడు అలొయిస్. "ఈ కట్టుతో ఐసు మీద నడవమంటారా? నేను తిట్టింది వీణ్ని. చేపల్ని కాదు. వాటిని పెంచిందే నేను."

రదీమ్ తలూపాడు.

"నాలుగు డిగ్రీల దగ్గర నీళ్లు అన్నిటికంటే బరువు. అందుకే చలికాలం అవి అడుక్కి చేరతాయి. ఇంకా చల్లబడితే తేలికై పైకొస్తాయి, ఐసవుతాయి. చేపలు ఆ అడుగు వెచ్చదనంలో పడుకుంటాయి. గొట్టాన్ని మీటరు లోతులోనే వేలాడదీసేది అందుకే. ఎవరో దాన్ని అడుక్కి దించారు. బుడగలు వెచ్చటి నీళ్లను పైకి తోశాయి. చెరువంతా కలిసి చల్లబడిపోయింది."

"ఒక్క రోజులోనా?" అన్నాడు ఒటకర్.

"వారం పైనే పడుతుంది."

రదీమ్ బల్ల మీది పుస్తకం తెరిచాడు.

"ఫిబ్రవరి రెండు. అడుగున నాలుగు డిగ్రీలు. మూడో తారీఖునా నాలుగే. నిన్న కూడా నాలుగే. అంతా బాగుందని చెప్పే అంకె. అందుకే ఎవరూ అనుమానించలేదు. లిబూషె గారూ, అబద్ధం ఎందుకు రాశారు?"

"గొట్టం దించింది నేనే కాబట్టి."

లిబూషె ఒటకర్ వైపు వేలు చూపింది.

"నాలుగేళ్ల కింద మా ఆయన వీత్‌ను ఈయన పంపు బాగుచేయమని ఐసు మీదికి పంపాడు. అప్పుడు గొట్టం అడుగునే ఉంది. వెచ్చటి నీళ్లు పైకొచ్చి ఐసును కింద నుంచి తినేశాయి. వీత్ వెళ్లనన్నాడు. పిరికోడా అన్నాడు ఈయన. వీత్ వెళ్లాడు, ఐసు విరిగింది. శవం తీశాక, తాగి పడ్డాడని మీకు చెప్పాడు. మీరు రాసుకున్నారు. మా ఆయన చుక్క ముట్టేవాడు కాదు."

రదీమ్‌కు ఆ రిపోర్ట్ గుర్తొచ్చింది. కింద సంతకం తనదే.

"ఈ చేపలు నా పిల్లలంటాడు. పొద్దున ఒడ్డున నిలబడి ఏడుస్తుంటే చూశాను. కడుపు చల్లబడింది."

"వాటికేం తెలుసమ్మా," అన్నాడు అలొయిస్ మెల్లగా.

"తెలుసు బాబాయ్. తెలిసే చేశాను."

రదీమ్ ఆమె కోటు అందించాడు. "స్టేషన్‌కు వెళ్లాలి."

ఒటకర్ లేచాడు. "తేలిపోయింది కదా. నేను వెళ్తాను."

రదీమ్ తలుపు మూశాడు. నోటుబుక్కులో కొత్త పేజీ తిప్పాడు.

"కూర్చోండి. ఆ ఏడు గొట్టం అడుక్కి దించమన్నది ఎవరు?"

"గుర్తు లేదు."

"నాకు గుర్తుంది," అన్నాడు అలొయిస్. "దించొద్దని చెప్పాను. ఐసు ఆగదన్నాను. నోర్ముయ్యమన్నాడు. అప్పుడు నా కూడు వీడి చేతిలో ఉంది, మూసుకున్నాను."

చంకకర్రలు గోడకు ఆనించి కుర్చీ దగ్గరకు లాక్కున్నాడు.

"రాసుకోండి ఇన్‌స్పెక్టర్ గారూ. మొదటి నుంచీ చెప్తాను."