చేతిసాక్ష్యం

మూడోసారి కూడా గేజి సూది రెండు దాకా దిగింది, కంప్రెసర్ ఆగింది. గంగరత్న మనసులో అంకెలు లెక్కపెట్టుకుంటూ నిలబడింది. రెండు నిమిషాలు గడవకముందే సూది మెల్లగా పైకి లేచింది, కంప్రెసర్ గురగురమంటూ మళ్లీ మొదలైంది.

"ఏడో గది ఇంకా ఖాళీ కాలేదు," అంది చెవిబిళ్లలోంచి నిర్ణేత. "తీసిన రసం పట్టుకెళ్లడానికి నాలుగింటికి రసబండి వస్తుంది. కారణం చెప్పండి."

"సూస్తాండా."

నిర్ణేత యంత్రం, దానికి తొందరే గాని కోపం రాదు. అదే దానితో వచ్చిన చిక్కు. కోప్పడేవాళ్లనైతే బతిమాలుకోవచ్చు. గదులను చల్లబరిచే శీతరసం కొత్తగా తయారవడం ఆగిపోయి పందొమ్మిదేళ్లయింది. ఉన్న రసాన్ని ఏ గదికి పోయాలో, ఏ గది నుంచి తీసెయ్యాలో జిల్లా మొత్తానికి అదే చెబుతుంది. ఒక గదికి చలి కావాలంటే ఇంకో గది వెచ్చబడాలి. హిందూపురం పట్టుపురుగుల గుడ్ల చలిసాలలో ఈ రోజు ఏడో గది వంతు వచ్చింది.

పని చూడబోతే తేలిక. గదికి రసం పోయే దారిలో వాల్వు మూస్తారు. గదిలో మిగిలినదంతా కంప్రెసర్ లాగి ట్యాంకులోకి తోస్తుంది. లాగడానికి ఏమీ లేనప్పుడు తనంతట తానే ఆగిపోతుంది. ఆగింది మళ్లీ మొదలవుతోందంటే మూసిన వాల్వయినా కారుతుండాలి, కంప్రెసర్ లోపలి రేకులయినా అరిగి, తోసిన రసం వెనక్కి వస్తుండాలి.

ఆ రెండింటిలో ఏదో తేల్చాల్సింది గంగరత్న అరచెయ్యి. గొట్టాల మీది సెన్సర్లు ఎండలకు ఎప్పుడో చచ్చాయి. అప్పటి నుంచి మేస్త్రి వాల్వుకు ముందొకసారి, వెనకొకసారి గొట్టం పట్టుకుని చెప్పిన మాటే రుజువు. దాన్నే చేతిసాక్ష్యం అంటారు. ఇరవయ్యారేళ్లలో గంగరత్న చెయ్యి ఒక్క అబద్ధమూ చెప్పలేదు. తమ వీధి మందుల గదిని ఖాళీ చేసిన రోజు కూడా చెప్పలేదు. ఆ రోజు ఇంటికెళ్లి అన్నం ముట్టలేదు, అంతే.

వాల్వుకు ముందు గొట్టం వెచ్చగా ఉంది. వాల్వు గట్టిగా ఉంటే వెనకా అంతే ఉండాలి, కానీ చల్లగా, చెమటపట్టి ఉంది. కారుతున్నది వాల్వే. ముంజేతి కంకణానికి అద్దమెందుకు?

వంగి చూసింది. గొట్టాలన్నిటి మీదా వేలు మందాన దుమ్ము. వాల్వు కింది మూత ఒక్కటే తోమిన చెంబులా మెరుస్తోంది. మూత విప్పింది. కరెంటు పోయినప్పుడు వాల్వును చేత్తో తెరవడానికి లోపల చిన్న మర ఉంటుంది. దాన్నెవరో సగం చుట్టు తిప్పి పెట్టారు.

గుమ్మం దగ్గర తడిగుడ్డ పట్టుకుని సంజన్న నిలబడి ఉన్నాడు. ముప్పై ఏళ్లుగా ఈ గుడ్లకు కాపలా ఆయనే. చీమ ఎక్కుతుందని, దుమ్ము వాలుతుందని రోజుకు నాలుగుసార్లు బల్లల కాళ్లు తుడిచే మనిషి. దొంగతనంగా మర తిప్పడానికి ఆయనకు చేతులొచ్చాయి గాని, మురికి మూతను మురికిగానే బిగించడానికి రాలేదు. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఈ దొంగ తుడుపుగుడ్డతో సహా దొరికాడు.

గంగరత్న చెవిబిళ్ల తీసి గుప్పిట్లో మూసింది.

"ఏంది సంజన్నా ఇది?"

"తెలిసీ అడుగుతావేం మా. పసుపుగూళ్లు కట్టే పురుగు జాతి ఇంగ యాడా లేదు. ఈ పన్నెండు అట్టల గుడ్లే. సలి తీస్తే పది దినాల్లో పగుల్తాయి. బయటికొచ్చిన పురుగుకి ఆకు గావల్ల గదా."

"ఆకు లేదనే గదా రసం తీస్తాండేది."

సంజన్న జేబులోంచి రుమాలు తీసి విప్పాడు. లోపల మల్బరీ చిగురు, రెండాకులది.

"పోయిన బేస్తవారం వాన పడె గదా. మా తోట సిగురేసింది. ఇంగ ఇరవై దినాలకు ఆకు అందుతాది. దానికి సెప్తి. ఆకులెక్క నెలకొకతూరే తీస్తాదంట. పోయిన లెక్కలో సున్నా ఉండాదంట." రుమాలు మడిచాడు. "నన్ను పట్టిస్తే పట్టియ్యి మా, ఏమనుకోను. అట్టలు మాత్రం నీ ఇంట్లో నీళ్లకుండ పక్కన ఏమన్నా..."

గంగరత్నకు ఆయన మీద జాలి, ఇన్నేళ్ల తన నిజాయితీ మీద మంట, రెండూ ఒక్కసారే వచ్చాయి. మరను తిప్పినట్టే ఉంచి మూత బిగించింది. పక్క గొట్టం మీద దుమ్ము వేళ్లతో తీసి ఆ మూతకు పూసింది. సంజన్న చెయ్యి అలవాటు కొద్దీ తడిగుడ్డతో ముందుకొచ్చి, ఆగిపోయింది.

"చేతిసాక్ష్యం చెప్పండి," అంది నిర్ణేత, బిళ్ల చెవిలో పెట్టగానే.

"వాల్వుకు ముందూ వెనకా ఒకటే. వాల్వు గట్టిగానే ఉండాది. పోయింది కంప్రెసర్ రేకులు."

"రేకులు కారుతుంటే రసం ఎత్తకూడదు. కొత్త రేకులు రావడానికి ఇరవై నాలుగు రోజులు. అంతవరకు ఏడో గదికి చలి ఉంటుంది."

ఆమె తలూపడం చూసి సంజన్న గోడకు ఆనుకుని కింద కూర్చున్నాడు.

"ఇంకొకటి," అంది నిర్ణేత. "జిల్లాలో ఈ రోజు ఖాళీ కాని గదులు మరో పదకొండు ఉన్నాయి. అక్కడి మేస్త్రీలు గొట్టం పట్టుకుని గంట నుంచి ఏమీ చెప్పడం లేదు. మీ సాక్ష్యం వాళ్లకు వినిపించాను."

గంగరత్న బిళ్లను చెవిలోకి ఇంకా నొక్కుకుంది. వాళ్లందరూ నిజం చెబితే ఇక్కడొక్కచోటే రేకులు పోయినట్టవుతుంది. అప్పుడు పరీక్షకు పెట్టేది ఆమె చేతినే.

కంప్రెసర్ ఇంకోసారి ఆగి, మళ్లీ మొదలైంది. తరవాత చెవిలో ఒక ముసలి గొంతు, పెనుకొండ మేస్త్రిది: "ముందూ వెనకా ఒకటే." ఆ వెంటనే మడకశిర: "ఒకటే." లేపాక్షి మేస్త్రి ముక్కు చీది మరీ చెప్పాడు. పదకొండు గొంతులూ పూర్తయ్యాయి.

"పన్నెండు కంప్రెసర్లు ఒకే పూట పాడవడం నా లెక్కకు అందడం లేదు," అంది నిర్ణేత. మాటకు మాటకు మధ్య దానికెప్పుడూ లేనంత ఎడం వచ్చింది. "దయచేసి మళ్లీ పట్టుకుని చూడండి."

గంగరత్న చెమటపట్టిన గొట్టాన్ని పిడికిలి నిండా పట్టుకుంది. చల్లదనం మోచేతి దాకా పాకింది.

"ఒకటే," అంది.

బయట రసబండి గేటు దగ్గరే ఆగి, వెనక్కి తిరిగింది.