ముందే వినపడిన మాట

చెవి మిషన్లు అమర్చడం నా పని. పెద్దవాళ్ల పక్కన కూర్చుని "ఇప్పుడు వినపడుతోందా?" అని అడగడంతోనే నా రోజులు గడిచిపోతాయి. అందుకే మేనత్త ఫోన్ చేసి, "మీ మామయ్య మిషన్ పెట్టుకోనని మొండికేశారే పిట్టా, ఒకసారి వచ్చి చూడు," అంటే కాదనలేకపోయాను. నన్ను పిట్టా అని పిలిచే మనిషి ఇక ఆవిడొక్కతే.

నాన్నకీ మామయ్యకీ ఎప్పుడో మాట పట్టింపు వచ్చింది. ఇద్దరూ మెట్టు దిగలేదు. నాన్న పోయాడు. అత్తయ్య ఇంటి గుమ్మం తొక్కి ఎన్నేళ్లయిందో నాకే గుర్తులేదు.

ఆదివారం మధ్యాహ్నం వెళ్లాను. ముసురు పట్టి ఉంది. హాల్లో తాడు మీద ఆరని బట్టలు. వాటి ముక్క వాసన, మందుల వాసన కలిసి ఇల్లంతా బరువుగా ఉంది. అత్తయ్య నా మొహం రెండు చేతుల్లోకి తీసుకుని చూసింది.

"అచ్చం మా తమ్ముడి ముక్కే. వాడి కోపమంతా దీని మీదే ఉండేది కదే!"

నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది. టీ పెడతానని వంటింట్లోకి వెళ్లింది.

మామయ్య కుర్చీలోంచి ముందుకు వంగాడు. వంటింటి వైపు చూసి, గొంతు తగ్గించాడు.

"మిషన్ పాడవలేదమ్మా. అది పెట్టుకుంటే మీ అత్త మాట రెండుసార్లు వినపడుతోంది."

ఆయన చెవి దగ్గరికి వంగి, "ప్రతిధ్వని మామయ్యా. సర్దేస్తాలే," అన్నాను.

ఆయన తల అడ్డంగా ఊపాడు. "ప్రతిధ్వని అయితే తర్వాత రావాలి కదమ్మా. ఇది ముందు వస్తోంది. ఆ గదిలోంచి."

పడగ్గది తలుపు ఓరగా వేసి ఉంది.

వయసు మీద పడితే ఇలాంటివి మామూలే అనుకున్నాను. మిషన్ తుడిచి, బ్యాటరీ మార్చాను. పనిచేస్తోందో లేదో చూడటానికి మా దగ్గర ఒక గొట్టం ఉంటుంది, డాక్టర్లు గుండె చూసేదానిలాంటిది. దాన్ని మిషన్‌కి తగిలించి చెవుల్లో పెట్టుకున్నాను.

వాన చప్పుడు. గిన్నె మూత చప్పుడు. మామయ్య ఊపిరి. తర్వాత అత్తయ్య గొంతు.

"పంచదార వేసుకుంటావా, నువ్వూ మానేశావా?"

తలెత్తాను. వంటింటి గుమ్మంలో ఎవరూ లేరు. జవాబు చెప్పేలోగా అత్తయ్య చెంచా పట్టుకుని బయటికి వచ్చింది.

"పంచదార వేసుకుంటావా, నువ్వూ మానేశావా?"

అదే మాట. అదే సాగదీత...

తల ఊపానో లేదో గుర్తులేదు. ఆమె లోపలికి వెళ్లిపోయింది. మామయ్య నన్నే చూస్తున్నాడు. గొట్టంలో దిక్కు తెలియదు. అందుకని మిషన్ చేత్తో పట్టుకుని పడగ్గది వైపు నడిచాను. తలుపు తోశాను.

మంచం. మడతపెట్టిన దుప్పటి. మూసిన కిటికీ. అంతే.

కానీ గొట్టంలో వాన చప్పుడు ఆగిపోయింది. ఎవరో ఊపిరి పీల్చుకున్నారు. చాలా దగ్గరగా...

"పిట్టా..."

అత్తయ్య గొంతే. ఏడ్చి ఏడ్చి బొంగురుపోయింది.

"తలుపు తియ్యకే... బయట ఉన్నది నేను కాదు..."

గొట్టం లాగి పారేశాను. వంటింట్లో అత్తయ్య కూనిరాగం తీస్తూ టీ వడపోస్తోంది.

సాయంత్రం వాళ్లబ్బాయి, అంటే మా బావ, భార్యతో వచ్చాడు. బెల్ మోగగానే తియ్యొద్దని అనబోయాను. అత్తయ్యే వెళ్లి తీసింది. తడిసిన గొడుగు దులుపుతూ బావ, "పంతాలు పెద్దవాళ్లవి, నష్టం మనది. ఇకనైనా వస్తూ పోతూ ఉండు," అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వుతూ అత్తయ్య పెదవులనే చూస్తూ కూర్చున్నాను.

ఆమె ఎన్నో మాట్లాడింది. గదిలో నేను విన్న ఆ మాట మాత్రం అనలేదు.

వెళ్లేటప్పుడు మామయ్య నా చేయి నొక్కాడు. "నువ్వేం విన్నావో నాకు చెప్పకమ్మా," అన్నాడు.

ఆ తర్వాత వీలున్నప్పుడల్లా వెళ్లాను. పోయిన ఏళ్లన్నీ వెనక్కి తెచ్చుకోవాలన్నట్టు మాట్లాడుకున్నాం. భయం మెల్లగా అరిగిపోయింది. పోయిన నెల అత్తయ్య నిద్రలోనే కన్నుమూసింది. ఆ మాట అనకుండానే.

ఏడ్చాను. ఏడుస్తూనే, సిగ్గు విడిచి చెబుతున్నాను, హమ్మయ్య అనుకున్నాను.

నేనుండేది ఒంటరిగా. నిన్న షాపు నుంచి వచ్చి తాళం తీయబోతుంటే ఎదురింటావిడ తలుపు తీసింది.

"మధ్యాహ్నం మీకోసం ఒక పెద్దావిడ వచ్చారండీ, పిట్ట ఉందా అంటూ. ఇంట్లో ఎవరూ లేరని చెప్పాను. వినలేదు."

"ఏమన్నారు?"

"లోపల మనిషి ఉందట. తలుపు తియ్యొద్దు, తియ్యొద్దు అని ఏడుస్తోందట." ఆవిడ మా తలుపు వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించింది. "మీరొచ్చేదాకా ఉంటానన్నారు. పై మెట్ల మీద కూర్చున్నట్టున్నారు... పిలవనా?"