అనౌన్సర్ గారి ఇంట్లో అవకాడో

"రమ్మను," అన్నారు నాన్న. "ఇవాళ సాయంత్రమే."

అమ్మలు చేతిలో జావ గ్లాసు తొణికింది. ఆ ఒక్క మాట కోసం రెండు నెలలుగా ఆయన చుట్టూ పిల్లిలా తిరుగుతోంది. తీరా మాట వచ్చేసరికి, కళ్ళజోళ్ళ షాపులో రోజూ పదిమంది చూపు సరిచేసే పిల్లకి ఎదురుగా ఉన్న గుమ్మం కనబడలేదు. గోడకి గుద్దుకుని, నుదురు రుద్దుకుంటూ, నవ్వుకుంటూ బాల్కనీలోకి వెళ్ళి ఫోన్ చేసింది.

"ఎక్కడున్నావ్ లిఫ్టూ?"

"పన్నెండో అంతస్తులో, లిఫ్ట్ నెత్తి మీద కూర్చుని కేబుల్ చూస్తున్నా. చెప్పు."

"గట్టిగా పట్టుకో. నాన్న రమ్మన్నారు."

అటునుంచి ఇనుప సామానేదో ఎక్కడో కింద, చాలా కింద, పడిన చప్పుడు.

"స్పానర్," అన్నాడు లిఫ్టబ్బాయి. "పోతే పోయింది. మీ ఇంట్లో ఇవాళ వంట నాది."

వాళ్ళ పరిచయం కూడా ఇలా కింద పడటంతోనే మొదలైంది. ఒకరోజు షాపున్న బిల్డింగులో లిఫ్ట్ రెండు అంతస్తుల మధ్య ఆగిపోయింది. లోపల అమ్మలు, సంచీడు అవకాడోలు. బాగుచేయడానికి వచ్చిన ఇంజినీరు పైనుంచి తలుపు తెరిచి, "ముందు సంచి ఇవ్వండి మేడమ్, తరవాత మీరు," అన్నాడు. సంచి అందుకున్నాడు, సందులోంచి జారవిడిచాడు. ఆమె కళ్ళెర్రజేస్తే, "ఎలాగూ మెదిపేవే కదండీ," అన్నాడు. మర్నాడు డబ్బాలో నంజుకోవడానికి అవకాడో డిప్ పట్టుకుని షాపుకొచ్చాడు. ఉప్పు వేయడం మరిచిపోయాడు. ఆ మాట చెప్పడానికి ఆమె ఫోన్ చేసింది. ఇప్పటిదాకా ఆ ఫోన్ పెట్టేయలేదు అనుకోవచ్చు.

మరి నాన్న ఇన్నాళ్ళూ ఎందుకు తాత్సారం చేశారంటే, దానికో కారణం ఉంది. ఆయన రైల్వే స్టేషన్లో అనౌన్సరుగా చేసి రిటైరయ్యారు. ఆ గొంతు వింటే పరిగెత్తే మనిషి ఆగేవాడు, ఆగినవాడు పరిగెత్తేవాడు. అలాంటి మనిషికి చిగుళ్ళు పాడై, ఉన్న పళ్ళన్నీ తీయించాల్సి వచ్చింది. నోరు తెరిస్తే మాటకంటే ముందు గాలి వస్తోంది. అక్క దగ్గర పసిబిడ్డని చూసుకోవడానికి వెళ్ళిన అమ్మకి కూడా ఫోన్లో, "గొంతు పట్టేసింది," అని గుసగుసగా చెప్పి నెట్టుకొస్తున్నారు. కొత్త పళ్ళసెట్టు ఇవాళ మధ్యాహ్నం వస్తుందని క్లినిక్ వాళ్ళు మాటిచ్చారు. అందుకే సాయంత్రానికి రమ్మన్నారు.

మధ్యాహ్నం క్లినిక్ నుంచి ఫోను. ల్యాబులో ఆలస్యమైందట. రేపు ఉదయం.

జన్మంతా ఇతరుల ఆలస్యాలు ప్రకటించిన మనిషికి తన ఆలస్యం మింగుడుపడలేదు.

"పోనీ, రేపు రమ్మని చెప్పనా నాన్నా?"

"పిలిచి వద్దంటామా, మర్యాద కాదు. రానీ. నేను మాట్లాడను."

"మాట్లాడకపోతే ఏమనుకుంటాడు?"

"పెద్దమనిషి అనుకుంటాడు. నువ్వు మాత్రం పళ్ళ సంగతి ఎత్తావంటే ఊరుకోను. ఒట్టెయ్యి."

వేసింది. వేశాక గుర్తొచ్చింది. లిఫ్టబ్బాయి వాళ్ళ అమ్మానాన్నలు ఊళ్ళోకి వచ్చారు. కోళ్ళఫారం వదిలి ఒక్క రోజుకంటే ఉండలేరు, రేపు సాయంత్రం వెళ్ళిపోతారు. ఇవాళ నాన్న ఊ అంటే రేపు పెద్దవాళ్ళు కలుస్తారు. లేకపోతే మళ్ళీ ఎప్పటికో.

సాయంత్రం లిఫ్టబ్బాయి తలదువ్వుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని, రెండు సంచులతో దిగాడు. నాన్న నోటికి చేతిరుమాలు అడ్డం పెట్టుకుని తలూపారు.

"నమస్కారమండీ. మీ గొంతంటే నాకు చిన్నప్పటి నుంచీ..."

నాన్న మళ్ళీ తలూపి పేపరు ఎత్తిపట్టుకున్నారు.

వంటింట్లోకి రాగానే, "జలుబా?" అన్నాడు.

"ఊఁ... అలాంటిదే. ఉల్లిపాయలు తరుగు."

అతను సన్నగా తరిగి, ఘాటు పోవడానికి నీళ్ళలో వేశాడు. మిర్చి గింజలు తీశాడు. అవకాడోలని తొడిమ దగ్గర బొటనవేలితో మెల్లగా నొక్కి చూసి, మెత్తబడినవి మెదపడానికి ఏరుకున్నాడు. అమ్మలు మిక్సీ తీయబోతే చేయి పట్టుకున్నాడు.

"వద్దు, జిగురైపోతుంది. ఫోర్కుతో చాలు."

"చాలుగానీ, చెయ్యి వదులు. పేపరు కిందకి దిగింది."

వదిలాడు. పేపరు మళ్ళీ పైకెళ్ళింది.

"టెంక గిన్నెలో వేస్తే డిప్ నల్లబడదు," అన్నాడు గంభీరంగా.

"నల్లబడకుండా కాపాడేది నిమ్మరసం. టెంక ఊరికే పెత్తనం చేస్తుంది, నీలాగ."

మొక్కజొన్న పిండి వేడినీళ్ళతో కలిపి, రెండు ప్లాస్టిక్ కాగితాల మధ్య పెట్టి, పళ్ళెంతో అదిమి రొట్టెలు చేశారు. కొన్ని, కూర పెట్టి మడిచే టాకోలకి ఉంచారు. మిగతావి మూడు మూలల ముక్కలుగా కోసి, అమ్మలు అడ్డుపడేలోపే అతను నూనెలో వేశాడు.

"అవెందుకు ఇప్పుడు?" అంది, నాన్న పేపరు వైపు చూస్తూ.

"చిప్స్ లేకుండా డిప్పా? కరకరలాడకపోతే మజా ఏముంది?"

ఆ కరకరే పళ్ళెం నిండా పోసి, స్వయంగా తీసుకెళ్ళి నాన్న ముందు పెట్టాడు. "గట్టిగా కొరకాలండీ, అప్పుడే రుచి."

నాన్న చిప్ వంక చూశారు. అమ్మలు వంక చూశారు. రుమాలు ఇంకాస్త నొక్కిపెట్టుకుని, లేచి, తన గదిలోకెళ్ళి తలుపేసుకున్నారు.

లిఫ్టబ్బాయి పళ్ళెం వెనక్కి తీసుకున్నాడు.

"నచ్చలేదు," అన్నాడు మెల్లగా. "వంట కాదు. నేను."

"అది కాదు లిఫ్టూ."

"మరేంటో చెప్పు."

ఆమె నోరు తెరిచింది. ఒట్టు గుర్తొచ్చి మూసుకుంది. ఇంటిల్లిపాదికీ నోళ్ళు పడిపోయాయని అతను అనుకుని ఉంటాడు.

"చిన్నప్పుడు స్టేషన్లో తప్పిపోయాను," అన్నాడు. "మైకులో ఆయన నా పేరు పిలిచి, 'భయపడకు నాయనా, అక్కడే నిలబడు, అమ్మ వస్తోంది' అన్నారు. ఇవాళ కూడా ఏదో ఒక మాట అంటారని ఆశపడ్డాను. పోనీలే. అమ్మావాళ్ళని పొద్దున్నే బయల్దేరమని చెప్తాను."

అతను చెప్పుల కోసం వెతుక్కుంటుంటే, అమ్మలు డిప్ గిన్నెలో చెంచా వేసి నాన్న గదిలోకి నడిచింది.

"ఒట్టు తప్పను నాన్నా. ఇది తినండి. నమలక్కర్లేదు."

ఆయన అనుమానంగా ఓ చెంచా నోట్లో పెట్టుకున్నారు. ఇన్నాళ్ళుగా జావ తప్ప వేరే రుచి ఎరగని నాలుక మీద వెన్నలాంటి మెత్తదనం, నిమ్మ పులుపు, వెనకాలే చిన్న కారం. ఇంకో చెంచా. ఇంకోటి. గిన్నె అడుగున టెంక బయటపడింది.

"టెంక ఎందుకేశాడు?"

"నల్లబడకుండా ఉంటుందట. మీరన్నారని అక్కడే నిలబడ్డాడట నాన్నా, చిన్నప్పుడు స్టేషన్లో తప్పిపోయి. ఇప్పుడు మీరేమీ అనలేదని వెళ్ళిపోతున్నాడు."

నాన్న గిన్నె పక్కన పెట్టి లేచారు. గొంతు సవరించుకున్నారు.

తలుపు తెరుచుకుంది. లిఫ్టబ్బాయి ఒక కాలు చెప్పులో పెట్టి ఉన్నాడు. నాన్న రుమాలు మడిచి జేబులో పెట్టుకుని, నిటారుగా నిలబడ్డారు.

"ప్రయాణికులకు విజ్ఞప్తి."

మాటకి రెండు ఈలలు వచ్చాయి. నోట్లో ఒక్క పన్ను లేదు. అయినా లిఫ్టబ్బాయి ఎక్కడివాడక్కడ నిలబడిపోయాడు. తరవాత పళ్ళెంలోని చిప్స్ వంక, ఆయన చిగుళ్ళ వంక, మూలన నవ్వాపుకుంటున్న అమ్మలు వంక చూశాడు. ముఖంలో లైట్లు ఒక్కో అంతస్తే వెలిగాయి.

"ఆలస్యంగా నడుస్తున్న నా పళ్ళసెట్టు రేపు ఉదయం చేరుకుంటుంది. మీ అమ్మానాన్నలు మధ్యాహ్నం భోజనాల వేళకి మా ఇంటికి చేరుకోవాలి. కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాము."

"ఎవరు వండుతారండీ?" అన్నాడు లిఫ్టబ్బాయి, చెప్పు విడుస్తూ.

"నువ్వే. ఆ చిప్స్ డబ్బాలో పోసి మూత గట్టిగా బిగించు. రేపు మీవాళ్ళ ముందు మొదటి చిప్ నేనే కొరుకుతాను."