పరాయిది

“మా తమ్ముడికే రాయండి!”

పక్షవాతంతో ముద్దగా వచ్చినా కృపాకర్ మాట గదిలో అందరికీ వినిపించింది. గంజిగ్లాసుతో వస్తున్న అతని భార్య రోజలిన్ గుమ్మంలోనే ఆగిపోయింది...

అది 2006 వేసవి. మంచం దిగలేని మనిషి కోసం రిజిస్ట్రారు గారే గవరపాలెంలోని ఆ డాబాకి వచ్చారు. పన్నులు, అద్దెలు, బ్యాంకు పనులు, అన్నీ కృపాకర్ తరఫున చూసుకునే పవరు ఎవరికో ఒకరికి ఇవ్వాలి. ఇంకెవరికిస్తారు, తనకే కదా అనుకుంది ఆ పిచ్చితల్లి! ఈ ఇల్లు కడుతున్నప్పుడు నిండు కడుపుతో గోడలకి నీళ్లు కొడుతూ జారిపడి, బిడ్డనే పోగొట్టుకుంది తను. మళ్లీ కడుపు పండనే లేదు...

దస్తావేజు రాసే ఖాదర్ మొహిద్దీన్ కలం ఆపాడు. “ఇల్లు అమ్మే అధికారం కూడా ఇందులో ఉందండీ. మీ ఆవిడ ఉండగా...”

“అది పరాయిది! ఓ బిడ్డనైనా కన్నాదా? రూఫస్ నా రక్తం!”

కుడిచేత్తో సంతకం గీశాడు. ఎడమ బొటనవేలి ముద్ర మిగిలింది. పడిపోయిన చెయ్యి అదే.

“వదినా, అన్నయ్య వేళ్లు ముడుసుకుపోయేయి. నువ్వైతే నొప్పి తెలీకుండా తీత్తావు” అన్నాడు రూఫస్, నవ్వు దాచుకుంటూ.

ఎంత మాట! అయినా రోజలిన్ గ్లాసు కింద పెట్టింది. రోజూ నూనె రాసి సాగదీసే వేళ్లను ఒక్కొక్కటే విప్పి, తన చేత్తోనే ముద్ర వేయించింది.

వెళ్తూ వెళ్తూ ఖాదర్ గేటు దగ్గర ఆగాడు. “ఆయన తల్చుకుంటే దీన్ని రద్దు చేయొచ్చమ్మా.”

ఆ మాటే భర్త కాళ్ల దగ్గర కూర్చుని చెప్పుకుంది. “నా ఇల్లు కొట్టీడానికా?” అంటూ అన్నం కంచం ఆమె మొహాన విసిరేశాడు!

వానలు మొదలయ్యేసరికి రూఫస్ ఇల్లు అమ్మేశాడు. కొన్నవాళ్లు వచ్చి సామాను వీధిలో పెట్టారు. తమ్ముడి సెల్లు ఎంతకీ పలకలేదు. అరుగు మీద తడుస్తూ కృపాకర్ బావురుమన్నాడు.

“రోజీ... ఖాదర్ని పిలు! పవరు నీకే రాత్తాను... నీకు అన్నేయం సేసేనే!”

“ఇంకేటి మిగిలిందండీ రాయడానికి?”

ఆమె గొంతులో కోపం లేదు, జాలీ లేదు. అతని చంకలో భుజం ఆనించి లేపి ఆటోలో కూర్చోబెట్టింది. పూడిమడకలో తన చెల్లెలు సుజి ఇంట్లో ఓ గది ఉంది.

“నన్నొగ్గీకే... వదిలెల్లిపోకే...”

“ఒగ్గను.”

దారి పొడవునా అతను ఏడుస్తూ క్షమించమంటూనే ఉన్నాడు. పడిపోకుండా అతన్ని గట్టిగా పట్టుకునే కూర్చుంది రోజలిన్. కానీ ఒక్కసారైనా “పోనీలెండి” అనలేదు.